ఎదురుపార్టీ స్టూలు

మా అక్కకు నేను రాసిన ఉత్తరానికి పదమూడు నెలలైనా జవాబు లేదు. అందలేదేమోనని సరిపెట్టుకునే వీలు కూడా నాకు లేదు. రిజిస్టరు పోస్టులో, అందినట్టు రసీదు తిరిగి వచ్చేలా పంపాను. నాలుగో రోజుకే రసీదు వచ్చింది. దాని మీద ‘సరోజమ్మ’ అన్న సంతకం మా అక్కదే. చివరి అక్షరాన్ని కిందికి లాగి వదలడం చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య రెండు మామిడి తోటలు, ఒక కంచె తప్ప మరేమీ లేవు. ఆ దూరానికి రిజిస్టరు పోస్టు ఎందుకని మా ఊరి పోస్టుమాస్టరు నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. పదమూడు నెలల మౌనం అంతకంటే బాగా గుర్తుంది.

ఉత్తరంలో ఎక్కడైనా మాట తూలానేమో చూసుకుందామని ఈ ఉదయం బీరువాలోంచి నకళ్ళ కట్ట దించాను. ఎవరికి ఏది రాసినా కింద కార్బను పెట్టి ఒక నకలు తీసి దాచుకోవడం నా పద్ధతి. పంచాయతీకి, కరెంటాఫీసుకు, ఎండిపోయిన అంటుమొక్కలు అంటగట్టిన నర్సరీ యజమానికి, శుభలేఖలో నా పేరు తప్పు వేయించిన బంధువుకు రాసినవన్నీ అందులో ఉన్నాయి. దారం విప్పగానే కార్బను కాగితం వాసన ముక్కుకు తగిలింది. కిరసనాయిలు, మైనం, పాత పుస్తకం కలిసినట్టుండే వాసన. దానితో పాటే ధనభాగ్యమ్మ టీచరమ్మ వచ్చి నా ఎదుట కూర్చున్నట్టయింది. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలి. అక్కకు ఉత్తరం రాయాలన్న బుద్ధి నాకు పుట్టించింది ఆమే.

చిత్తూరులో కలెక్టరాఫీసు ప్రహరీ బయట రేకుల పందిళ్ళ కింద అర్జీలు రాసేవాళ్ళు వరుసగా కూర్చుంటారు. సోమవారం వినతులు తీసుకునే రోజు కాబట్టి ఆ రోజు తెల్లవారేసరికే పల్లెల నుంచి బస్సులు దిగిన జనంతో ఆ వీధి నిండిపోతుంది. ఆ వరుస చివర్లో ఒకే ఒక్క ఆడమనిషి కూర్చునేది. సన్నటి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. విశ్రాంతిగా ఇంట్లో ఉండక ఈ ఎండలో ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు: “ఇన్నేండ్లూ కథలు రాయండ్రా అని పిల్లోళ్ళ ఎనకాల పడితి. ఈడ జనాలే కథలు మూట కట్టుకోని వస్తా ఉండారు. వదిలిపెట్టి యాడికి పోను?”

ఆమె పందిరి కింద ఒక బల్ల, ఆమె కుర్చీ, అర్జీదారు కూర్చునే చెక్క బెంచీ ఉండేవి. బల్లకు అవతలి పక్క రంగు పోయిన ఇనుప స్టూలు ఒకటి ఉండేది. దానిమీద ఎవరూ ఊరికే కూర్చునేవాళ్ళు కారు. ఆ వరుసలో అందరూ దాన్ని ‘ఎదురుపార్టీ స్టూలు’ అనేవాళ్ళు. అలా ఎందుకంటారో మొదటి రోజు నాకు తెలియలేదు. తెలిసి ఉంటే ఆ పందిరి వైపు వెళ్ళేవాడినే కాదు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది మా బావ మీద అర్జీ పెట్టడానికి. మా నాయన భాగాలు పంచేటప్పుడు రోడ్డు పక్కనున్న తోటను పసుపు కుంకుమల కింద అక్కకు ఇచ్చాడు. దాని వెనకనున్న ఆరెకరాలు నాకు ఇచ్చాడు. అక్క తోటలోంచే నా తోటకు దారి. పదేళ్ళ కిందట బావ ఆ దారికి అడ్డంగా కంచె వేసి గేటు పెట్టించాడు. అప్పటి నుంచి వంక గట్టు మీదుగా చుట్టు తిరిగి నా తోటకు నేను పోతున్నాను. ఇదంతా పద్నాలుగు అంశాలుగా స్వయంగా రాసుకుని వెళ్ళాను. నాకు చేతిరాత బాగుంటుంది. ఆమె చేత చేయించుకోవలసిన పని పెద్దగా లేదనీ, పైన పెట్టాల్సిన చిరునామా సరిచూస్తే చాలుననీ అనుకున్నాను.

“ఏమప్పా, నీకేం కావాల?” అంది టీచరమ్మ.

“అన్నీ ఇందులో ఉండాయి. సదువుకుంటే తెలుస్తాది” అన్నాను.

ఆమె పద్నాలుగు అంశాలూ చదివింది. కళ్ళద్దాలు తీసింది. “ఇది అర్జీ కాదప్పా, సంత. యాడ సూసినా అరుపులే. ఏ అంగడి కాడ నిలబడాలో తెలీడంలా” అంది.

వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. వాళ్ళలో ఒకడికి ఎర్ర తువ్వాలు ఉంది. ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపడతాను.

“దీంట్లో ఇతివృత్తం ఏది?” అని ఆమె మళ్ళీ అడిగింది. బడిలో పిల్లవాడిని అడిగినట్టే అడిగింది.

“దారికి అడ్డం గేటు పెట్టినారు. అదే.”

“అదే అయితే ఈ తొమ్మిదోది ఏమిటికి? పెండ్లిలో బుట్ట ఇంకెవురో మోసినారని రాసినావే. గేటుకూ బుట్టకూ ఏం సంబంధం?”

“సంబంధం లేదు. అవమానం కాబట్టి రాసినా.”

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టింది. “పదమూడూ గుండ్రంగా ముత్యాల మాదిరి రాసినావు. తొమ్మిదో దాని కాడ పెన్ను కాగితాన్ని సించిపెట్టింది సూడు. ఇతివృత్తం ఈడుండాది. మిగతాదంతా నేపథ్యం.”

బుట్ట సంగతి ఇక్కడ చెప్పాలి. మా వైపు పెళ్ళిలో ముహూర్తానికి ముందు పెళ్ళికూతురిని వెదురు బుట్టలో కూర్చోబెడతారు. దాన్ని మేనమామే ఎత్తుకుని పందిట్లోకి తీసుకురావాలి. పిల్ల పుట్టినప్పుడే ఆ హక్కు మేనమామకు పుడుతుంది. మా అక్క కూతురు హేమ పుట్టిన రోజునే, ‘దీని బుట్ట మోసేనాటికి నాకు నడుం నొప్పి రాకుండా ఉంటే చాలు’ అని నేను నవ్వుతూ అన్నాను. హేమ పెళ్ళి పదకొండేళ్ళ కిందట తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. ఆ బుట్టను నేను మోయలేదు. మా చిన్నాయన కొడుకు గోవిందస్వామి మోశాడు. నేను బయట ఉండగానే లోపల గట్టిమేళం మోగింది. అన్నం తినకుండా బస్సెక్కి ఊరికి వచ్చేశాను. ఆ రోజు నుంచి మా అక్కతో మాటల్లేవు. గేటు ఆ తరువాతి ఏడాది వచ్చింది.

నా అర్జీని సంత అన్నందుకు కోపంతో కాగితాలు లాక్కుని వచ్చేశాను. అయితే నా స్వభావం ఒకటుంది. నన్ను ఎవరైనా తప్పు పడితే, వాళ్ళది తప్పని తేల్చేదాకా వదలను. మరుసటి సోమవారం మళ్ళీ వెళ్ళాను. నా తరువాత వచ్చిన ముగ్గురిని ముందు పిలిచి నన్ను కూర్చోబెట్టింది. ఆ పై సోమవారం కూడా అంతే. దాని తరువాతి సోమవారం, “ఊరికే కూచోనేదానికి ఈ కాయితానికి నకలు రాసిపెట్టబ్బా, నీ చెయ్యి బాగుండాది” అని ఒక అర్జీ నా ముందుకు తోసింది. పోట్లాడటానికి వెళ్ళినవాడిని అలా ఆమె పక్కన రాయసగాడిగా కూర్చున్నాను. ఇరవై రెండు నెలలు, సోమవారం తప్పకుండా కూర్చున్నాను.

ఆమె పని చేసే తీరు వేరు. వచ్చిన మనిషి మొదటిసారి చెబుతున్నప్పుడు పెన్ను మూత తీసేది కాదు. మొత్తం విని, “ఇప్పుడు నీకేం కావాలో ఒక్క మాటలో చెప్పు” అనేది. చాలామందికి అది వచ్చేది కాదు. బాధ చెప్పగలరు, కోరిక చెప్పలేరు. “కోరిక లేనిది పాత్ర కాదప్పా, ఫొటో” అని నా వైపు తిరిగి అనేది. కోరిక తేలాక, దానికి అడ్డం ఎవరని అడిగేది. ఆ రెండూ ఎదురెదురుగా నిలబడితేనే సంఘర్షణ అని చెప్పేది. కాలేజీ మధ్యలో మానేసిన నాకు ఈ మాటలు కొత్త కాదు. పరీక్ష కోసం బట్టీ పట్టినవే. బస్సు దిగి చెమటతో వచ్చిన మనుషుల మీద వాటిని పెట్టి చూపించింది మాత్రం ఆమే.

ఒకసారి బంగారుపాళ్యం వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. వేలిముద్ర పడటం లేదని పింఛను ఆగిపోయిందట. నేను అలవాటుగా ‘నిరుపేదరాలను, దిక్కులేనిదానను, దయగల ప్రభువులు కరుణించి’ అని మొదలుపెట్టాను. టీచరమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. “అవ్వా, ఏం పని చేసేదానివి?” అని అడిగింది. బెల్లం వండే పొయ్యి దగ్గర చిన్న వయసు నుంచి పని చేసిందట. వేడి బెల్లాన్ని చేత్తో ఉండలు కట్టేదట. టీచరమ్మ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని వేళ్ళు తడిమి చూసింది. తరువాత నాలుగే వాక్యాలు రాసింది. ‘నేను బెల్లం పొయ్యి దగ్గర పనిచేసినదానను. వేడి బెల్లం ఉండలు కట్టి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయినవి. మిషను ఈ వేళ్ళు నావి కావని చెబుతున్నది. తమరు ఒకసారి చూడవలెను.’

“బీదదని యాడా రాయలేదే?” అన్నాను.

“బీదదని చెప్పేదెందుకు, సేతులు సూపించినాక?”

లోపలికి వెళ్ళిన అవ్వ గంటలో బయటికి వచ్చింది. కాగితం చదివిన ఆఫీసరు తలెత్తి, ‘ఏదమ్మా, చేతులు చూపించు’ అన్నాడట. అవ్వ ఆ మాటను వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పి, చివరికి నాకు కూడా రెండుసార్లు చెప్పి బస్సెక్కింది. చెప్పడానికీ చూపించడానికీ ఉన్న తేడా నేను నేర్చుకున్నది ఆ రోజే.

ఇక స్టూలు. రాసేది పూర్తయ్యాక టీచరమ్మ ప్రతి అర్జీదారునూ బెంచీ మీద నుంచి లేపి ఆ స్టూలు మీద కూర్చోమనేది. “ఇప్పుడు నువ్వు ఎదురుపార్టీవి. ‘నేను’ అని మొదలుపెట్టి నీ పక్క చెప్పు” అనేది. ఆఫీసులో ఎదుటివాళ్ళు ఏం చెబుతారో ముందే తెలిస్తే అర్జీ గట్టిగా ఉంటుందని జనానికి చెప్పేది. ఆమె అసలు ఉద్దేశం అది కాదని నా అనుమానం. పక్కవాడి మేకలు తన వేరుశనగ చేను మేసేశాయని ఒక పెద్దాయన వచ్చాడు. స్టూలు మీద కూర్చోగానే ఆయన గొంతే మారిపోయింది.

“నేను మేకలు కాసుకొనేవాడిని. మేకలకు ఏం తెలుసు యాడ మేయాలో? వీడు కంచె ఏసుకోడు. మంచం ఏసుకోని బీడీ తాగతా పండుకోనుంటాడు. ఎన్నితూర్లు చెప్పినా ఇనడు, పెద్ద సోంబేరి నా కొడుకు!” అన్నాడు. అని ఒక్క క్షణం ఆగి, “ఏయ్, ఎవుర్రా నన్ను సోంబేరి అనింది?” అని చుట్టూ చూశాడు. పందిరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ అర్జీ లోపలికి వెళ్ళనే లేదు. కంచెకు కావలసిన కంపలు ఎక్కడ దొరుకుతాయో అడుగుతూ వెళ్ళిపోయాడు.

“దృష్టికోణం అంటే ఇదేనప్పా” అంది టీచరమ్మ. “కన్ను అదే. కూచునే సోటు మారింది. ప్రతినాయకుడు అని రాసేస్తాము. వాడు కూడా పొద్దున్నే లేసి పండ్లు తోముకుంటాడు, వాడికీ ఆకలేస్తాది. అది కనపడకపోతే వాడు కథలో మనిషి కాడు, దిష్టిబొమ్మ.”

నన్ను మాత్రం ఆ స్టూలు మీద కూర్చోబెట్టలేకపోయింది. నెలకొకసారి అడిగేది. నేను నిజమే రాశాననీ, నాకు ఆ నాటకాలు అక్కర్లేదనీ చెప్పేవాడిని. చివరికి ఒక వానాకాలపు సోమవారం, జనం పలచగా ఉన్నప్పుడు, నా పాత అర్జీ బయటికి తీయమంది. అది ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది.

“గేటుకు తాళం ఏసినారని రాసినావు. ఎట్లాంటి తాళం?”

“తెలీదు.”

“తెలీదా? ఇన్నేండ్ల నుంచి ఉండే గేటు!”

“నేను దాన్ని ముట్టలేదు. నాకేం కర్మ?”

ఆమె నవ్వలేదు. స్టూలు వైపు చూపించింది. “నిజం రాసినోడివి, కూచోడానికి భయమెందుకు?” అంది.

ఆ మాటకు లేచి వెళ్ళి కూర్చున్నాను. బావగా మాట్లాడాలేమో అనుకున్నాను. బావ వద్దంది. “తొమ్మిదో అంశం. మీ అక్క.”

ఇనుము చల్లగా తగిలింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “నా పేరు సరోజమ్మ. నాకు ఒకడే తమ్ముడు. నా కూతురి పెండ్లి. ముహూర్తం దగ్గిర పడింది. నేనూ మా ఆయనా పీటల మింద కూచోనుండాము. మీ తమ్ముడు వచ్చినాడు, వాకిట్లోనే కుర్చీ ఏసుకోని కూచోనుండాడు, లోపలికి రానంటా ఉండాడు అని ఎవురో చెప్పినారు. మా పిల్లోడిని పంపిస్తి, మామను పిలుచుకోని రారా అని...”

అక్కడ నా నోరు ఆగిపోయింది.

“ఎవురా పిల్లోడు?” అంది టీచరమ్మ.

“అక్క కొడుకు. మా మేనల్లుడు.”

“పద్నాలుగు అంశాలు నాకు నోటికి వచ్చు. దాంట్లో ఆ పాత్ర యాడా లేదే!”

వాన రేకు మీద పడుతోంది. పక్క పందిరిలో ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు. ఆమె “వచ్చి ఏమన్నాడు?” అని మెల్లగా అడిగింది.

“‘మామా, అమ్మ రమ్మంటా ఉండాది, బుట్ట తయారుగా ఉండాది’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“‘మీ అమ్మనే వచ్చి పిలవమను’ అన్నాను.”

“పీటల మింద కూచున్న ఆయమ్మ లేసి రాకూడదని నీకు తెలుసునా?”

అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఎదురుగా ఉన్నది ఒక ముసలి టీచరు, వాన, ఖాళీ వీధి. ఎవరికీ తెలిసేది కాదు. “తెలుసు” అన్నాను.

నేను వాకిట్లో ఆగిపోవడానికి కారణం కూడా అప్పుడే చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి అది. మండపం గుమ్మం దగ్గర బావ తమ్ముడు పన్నీరు చల్లుతూ, నన్ను దాటేసి నా వెనకున్న ఆయన మీద ముందు చల్లాడు. అంతే. ఆ నాలుగు చుక్కల కోసం, పుట్టిన రోజునే నాదైన బుట్టను వదులుకున్నాను. దాన్ని అంతవరకూ ‘నన్ను కాదని వేరొకరి చేత మోయించిరి’ అని రాసుకుంటూ వచ్చాను.

ఆమె తిట్టలేదు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చింది. బెల్లం కాఫీ, నాకు ఇష్టం ఉండదు, తాగాను. “కథకుల్లో ఒక రకం ఉంటారప్పా” అంది. “అబద్ధం ఆడరు. రావాల్సిన మనిషిని కథలోకి రానియ్యరు. వాళ్ళని నమ్మదగని కథకులు అంటారని పాఠంలో చెప్పేదాన్ని. ఉదాహరణ చెప్పండి టీచర్ అని పిల్లోళ్ళు అడిగితే సరైంది దొరికేది కాదు. రిటైరైనాక దొరికినావు సూడు!”

నాకు కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ రెండూ ఒకేసారి రావడం నాకు కొత్త.

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా గేటు దగ్గరికి వెళ్ళాను. తాళం లేదు. ఒక తీగను చుట్టలా వంచి గుంజకు తగిలించారు, అంతే. చిన్నపిల్ల కూడా తీయగలదు. లోపల దారి శుభ్రంగా ఉంది. ఎవరూ నడవని దారి ఇన్నేళ్ళలో గడ్డితో పూడిపోవాలి. అది పూడిపోలేదు. ఎవరో ఏటేటా గడ్డి చెక్కిస్తున్నారు. తీగ ఎత్తి లోపలికి నడవవచ్చు. నడవలేదు. అడగకుండా దాటకూడదనిపించింది. నాలో మొండితనం ఒక్క రోజులో పోయేది కాదు.

ఉత్తరం రాసి మరుసటి సోమవారం టీచరమ్మకు చూపించాను. ఆరు పేజీలు వచ్చింది. ఆమె చేతిలో ఒకటిన్నర పేజీ అయింది. “క్షమించు అని నాలుగుతూర్లు ఉండాది. ఒకటి సాలు. మిగతా మూడూ నీ కోసరం రాసుకున్నావు” అంటూ కొట్టేసింది. పన్నీరు సంగతి ఉంచింది. మేనల్లుడి సంగతి మొదటికి తెచ్చింది. ఎత్తుగడలోనే అసలు మనిషి రావాలంది. చివర్లో నేను, ‘జరిగినదంతా మరచి ఇకనైనా అందరం కలిసిమెలిసి ఉందాం’ అని రాశాను. నాకు బాగా నచ్చిన వాక్యం అది. దాన్ని నిలువుగా గీసి పారేసింది.

“ముగింపు నువ్వెట్లా రాస్తావు?” అంది. “సగం కథ ఆయమ్మ కాడ ఉండాది. అది తెలీకుండా మూట కట్టేస్తే దాన్ని ముగింపు అనరు. తప్పించుకోవడం అంటారు.”

అలా ముగింపు లేని ఉత్తరమే పోస్టు చేశాను. ప్రతి సోమవారం, “వచ్చిందా?” అని అడిగేది. రాలేదని చెప్పేవాడిని. ఒకసారి విసుగు పుట్టి, మా అక్క నన్ను కావాలనే అవమానిస్తోందన్నాను. “అసలు ఘట్టానికి ముందు ఆలస్యం ఉంటాది చెంగల్రాయా. సదివేవాళ్ళు దాన్ని ఉత్కంఠ అంటారు. నువ్వు అవమానం అంటా ఉండావు” అంది. ఇన్నాళ్ళలో ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది అప్పుడే.

తరువాత గూడూరులో ఉన్న కూతురింటికి రెండు వారాలని వెళ్ళింది. మూడో సోమవారం పందిరి ఖాళీగా ఉంది. నాలుగో సోమవారం జిరాక్సు అంగడాయన చెప్పాడు. టీచరమ్మ పోయి పన్నెండు రోజులైందట. నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండు నెలలు పక్కన కూర్చుని నకళ్ళు రాసిన మనిషికి ఒక్క ఫోను చేయలేదు. ఆ కోపంతో ఆమె కూతురికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. కాగితం మీద కార్బను సరిచేసుకుంటూ ఉండగా ఆ కూతురి చోటులో ఉన్నట్టు ఒకసారి ఊహించుకున్నాను. తల్లి పోయిన ఇల్లు. చేతిలో తల్లి ఫోను. అందులో వందల పేర్లు, సగం అర్జీదారులవే. వాటిలో చెంగల్రాయులు ఎవరో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఉత్తరం రాయలేదు. చెప్పి ఉండాల్సింది అని మాత్రం ఇప్పటికీ అంటాను. ఆమెను ఒకసారి చూసేవాడిని.

ఇప్పుడు ఆ పందిరి కింద వేరెవరో కూర్చుంటున్నారు. స్టూలు ఎటు పోయిందో తెలియదు, అడగలేదు. ఈ ఉదయం విప్పిన కట్టలోని నకళ్ళను మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాను. శుభలేఖ బంధువుకు రాసినదాంట్లో, తప్పు దిద్ది మళ్ళీ అచ్చు వేయించిన కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చిన అతని భార్య లేదు. నర్సరీ ఆయనకు రాసినదాంట్లో, మొక్కలు నాటిన వారం మోటారు చెడిపోయి నేను నీళ్ళు పెట్టలేదన్న సంగతి లేదు. కరెంటాఫీసు మీద రాసినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం మార్చను. టీచరమ్మ నాకు ఇచ్చిపోయింది ఇదే. ఏ కాగితం రాసినా, ఇందులో రాకుండా నేను ఆపిన మనిషి ఎవరు అని వెతికే అలవాటు. అది సుఖమైన అలవాటు కాదు. వదిలించుకోలేకపోతున్నాను.

దీన్ని నేను పంపిస్తున్న ఈ పత్రిక మా అక్క ఇంటికి వస్తుందని నాకు తెలుసు. ఆమెకు చూపు తగ్గింది, హేమ కూతురు చదివి వినిపిస్తుందనీ తెలుసు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

అక్కా, ఆ రోజు నీ తరఫున నేను మాట్లాడింది నా ఊహ. పిల్లోడిని పంపించినావు అన్నంతవరకే నాకు తెలుసు. ఆ తరువాతది నీ ఒక్కదానికే తెలుసు. నా మాట మోసుకుని వాడు తిరిగి వచ్చినప్పుడు నువ్వేమన్నావు? గోవిందస్వామి బుట్ట ఎత్తుకుని వస్తుంటే నువ్వు బిడ్డ వైపు చూసినావా, వాకిలి వైపు చూసినావా? నేను తినకుండా పోయినానని ఎవరు చెప్పినారు, అప్పటికి నువ్వు తిన్నావా? పదకొండేళ్ళు నా పక్కే చెప్పుకుంటూ తిరిగినాను. ఇక నాకు చెప్పుకోవడానికేమీ లేదు. నీ పక్క నాకు కావాలి. తిట్టాలనుకుంటే తిట్టు. మధ్యలో అడ్డం రాను. కానీ జవాబు చెప్పు.